చిన్నస్వామి విప్పిన హబ్బు

పుంగనూరులో మదనపల్లె రోడ్డు మీద, మిట్ట మొదలయ్యే చోట చిన్నస్వామి సైకిలు అంగడి ఉంది. రేకుల కొట్టు, ముందర ఒక బల్ల, పైన దండల్లాగా వేలాడే టైర్లు. కుర్రతనంలో మదనపల్లెలో పని నేర్చుకుని వచ్చి ఇక్కడ కొట్టు పెట్టుకున్నాడు. ఇప్పుడు యాభై దాటాయి. ఇంటింటికీ మోటారు బండ్లు వచ్చేసినా ఆయనకు పని తగ్గలేదు. వంకర పోయిన చక్రాన్ని నిలబెట్టి, ఒక్కొక్క ఊచే బిగిస్తూ, చివరికి గిర్రున తిప్పితే అది రవ్వంత కూడా ఊగేది కాదు. చుట్టుపక్కల అందరూ ఆయన్ని మేస్త్రీ అనేవారు. ఆ పిలుపంటే ఆయనకు ప్రాణం.

ఒకరోజు పొద్దున మాధవీలత ఒక కొత్త రకం సైకిలు నడిపించుకుంటూ వచ్చింది. ఆమె మిట్ట అవతలి పల్లెలో పాల కేంద్రంలో పనిచేస్తుంది. రైతులు తెచ్చిన పాలల్లో వెన్న ఎంతుందో చూసి చెప్పడం ఆమె పని. బెంగుళూరులో ఉండే అన్న కూతురు వర్షిత తన పాత సైకిలు అత్తకు ఇచ్చేసిందట. వెనక చక్రానికి మామూలు సైకిలుకు ఉన్నట్టే ఒకటే పళ్ళ చక్రం ఉంది. గేర్లు మాత్రం మూడు. మూడూ ఇరుసు చుట్టూ ఉండే లావుపాటి హబ్బు లోపల దాగి ఉన్నాయి.

"మేస్త్రీ, ఒకటో గేరేసినా మిట్ట కాడ బరువుగానే ఉండాది. మోకాలికి ఆపరేషన్ అయినాక గట్టిగా తొక్కొద్దన్నాడు డాక్టరు. ఇంకా తేలిక చేసేదానికి అవుతుందా?" అని అడిగింది.

అట్లాంటి హబ్బును చిన్నస్వామి అంతవరకు చేత్తో తాకి ఎరగడు. ఆ మాట అనేయవచ్చు. కానీ బల్ల మీద ఇద్దరు మనుషులు టీ తాగుతూ ఆయన ఏం చెబుతాడా అని చూస్తున్నారు. చక్రాన్ని ఒకసారి వెనక్కి తిప్పి, దానికి చెవి ఒగ్గి విన్నట్టు నటించాడు.

"అవుతాది మా. రెండు దినాలు పోనీ, రా" అన్నాడు.

మధ్యాహ్నం కూర్చుని చక్రం ఊడదీశాడు. గేర్లు లోపల ఉన్నాయి కాబట్టి తేలిక చేయడమూ లోపలే ఉంటుందని ఆయన లెక్క. ఇరుసు నట్లు విప్పి, కోను వదులు చేసి, లోపలి సామానంతా ఒక్క లాగు లాగాడు. చిన్న చిన్న పళ్ళ చక్రాలు జిడ్డుతో సహా ఒళ్ళో పడ్డాయి. వాటితోపాటు వెంట్రుకంత సన్నటి స్ప్రింగు ఒకటి ఎగిరి, మట్టిలో ఎక్కడో పడింది. అయస్కాంతం తెచ్చి నేలంతా తిప్పాడు. మేకులు దొరికాయి, పాత బేరింగు బాల్స్ దొరికాయి, స్ప్రింగు దొరకలేదు. ఏది ముందు, ఏది వెనక అన్నది కూడా గుర్తులేదు. ఎట్లాగో అన్నీ లోపలికి తోసి బిగించాడు. పెడలు తిప్పితే చైను తిరిగింది గానీ చక్రం కదల్లేదు.

చెప్పిన రోజుకు మాధవీలత వచ్చింది.

"లోపల సామాను అరిగిపోయుండాది మా" అన్నాడు చిన్నస్వామి. "బెంగుళూరు నుంచి రావల్ల. కొంచెం ఆలస్యమవుతాది."

ఆమె ఆ మాట నమ్మింది. "నువ్వు చూసింది మంచిదైంది మేస్త్రీ. లేకుంటే దోవలో ఇరిగి పడుందును" అని నమస్కారం పెట్టి మరీ పోయింది. ఆ నమస్కారం అందుకుంటుంటే ఆయనకు ఎక్కడన్నా దాక్కుందామనిపించింది.

తర్వాత నిజంగానే దాక్కోవలసి వచ్చింది. పాలు వచ్చే వేళకు ఆ పల్లెకు బస్సు లేదు. మాధవీలత నడిచి పోయేది. అంగడి ముందునుంచే దారి. మొదట్లో మామూలుగానే నడిచేది. కొన్నాళ్ళకు మోకాలికి పట్టీ వచ్చింది. తర్వాత ఒక చేత్తో తొడ పట్టుకుని, మిట్ట మీద నాలుగడుగులకొకసారి ఆగుతూ పోవడం మొదలుపెట్టింది. ఆమె కొంగు దూరాన కనిపించగానే చిన్నస్వామి చేతిలో పని వదిలేసి, కొట్టు లోపల టైర్ల వెనక్కి పోయి నిలబడేవాడు. ఒకరోజు ఆమె ఆగి, పక్కన టీ అంగడి గోపాలస్వామిని అడగడం లోపలికి వినిపించింది.

"మేస్త్రీ లేడా అప్పా?"

"ఇంతకుముందే ఈడ ఉండె. యాడికి పోయినాడో."

"సరేలే. ఆయన్ని తొందర పెట్టకూడదు. నాణ్యంగా చేసే మనిషి."

రబ్బరు వాసన మధ్య, ఊపిరి బిగబట్టి, చిన్నస్వామి ఆ మాటలు విన్నాడు. ఆ పూట అన్నం సహించలేదు. భార్య రెడ్డెమ్మ ఒంట్లో బాగలేదా అని అడిగితే తలనొప్పి అన్నాడు. ఆమెకు కూడా చెప్పలేకపోయాడు.

మర్నాడు మదనపల్లె పోయి, తను ఎప్పుడూ సామాన్లు కొనే అంగట్లో విచారించాడు. అంగడాయన తల అడ్డంగా ఊపాడు. "ఇట్లాంటివి మా కాడ దొరకవు. కుప్పంలో భరత్ అని ఉండాడు. కాలేజీ పిల్లోళ్ళు ఈ రకం బండ్లన్నీ ఆయప్ప కాడికే తీసుకపోతారు."

భరత్ చిన్నస్వామికి బామ్మర్దే, రెడ్డెమ్మ తమ్ముడు. ఒకప్పుడు ఈ అంగట్లోనే పని నేర్చుకున్నాడు. ఒకసారి బాల్స్ సరిగ్గా వేయలేదని, జనం ముందర అతని చేతిలో స్పానరు లాక్కుని, నీకీ పని ఈ జన్మకు రాదు, పోయి పేడ ఎత్తుకో అన్నాడు చిన్నస్వామి. భరత్ చేతులు తుడుచుకుని అప్పటికప్పుడు వెళ్ళిపోయాడు. తర్వాత పెళ్ళిళ్ళలో ఎదురుపడితే బాగుండావా బావా అనడం తప్ప మాట లేదు.

అయినా పోవాలి. చక్రాన్ని గోనెసంచిలో చుట్టి, పలమనేరులో బస్సు మారి, కుప్పం చేరాడు. దారి పొడుగునా సంచి ఒళ్ళో పెట్టుకునే కూర్చున్నాడు. ఏముందని పక్కవాళ్ళు అడిగితే ఇంటి సామాను అన్నాడు. భరత్ అంగడి దొరికాక కూడా రోడ్డు అవతలే నిలబడిపోయాడు. చివరికి భరతే చూసి వచ్చి సంచి అందుకున్నాడు.

చక్రం బయటికి తీసి, రెండు వేళ్ళతో తిప్పి, "యాల ఇప్పినావు బావా?" అని అడిగాడు.

"గేరు తేలిక చేద్దామని."

భరత్ నవ్వలేదు. నవ్వి ఉంటే చిన్నస్వామికి కొంత తేలికయ్యేది. "దీనికి లోపల పనే లేదు బావా" అని పళ్ళ చక్రం మీద ఉన్న సన్నటి రింగు చూపించాడు. స్క్రూడ్రైవరు మొన పెట్టి పైకి లేపాడు. రింగు టక్కుమని లేచింది, పళ్ళ చక్రం చేతిలోకి ఊడి వచ్చింది. "ఇది పద్దెనిమిది పళ్ళది. ఇరవై రెండు పళ్ళది ఏసి, చైను రవ్వంత పొడుగు చేస్తే సాలు. మూడు గేర్లూ తేలికైపోతాయి."

అంతే పని. టీ ఆరేలోగా అయ్యే పని. దానికోసం ఒక ఆడమనిషి చెడిపోయిన మోకాలితో ఇన్నాళ్ళు మిట్ట ఎక్కింది.

భరత్ ఇరవై రెండు పళ్ళ చక్రం ఒకటి ఇచ్చి, ఒక పాత హబ్బు నుంచి స్ప్రింగు తీసి, లోపల ఏది ఎక్కడ పెట్టాలో చూపించి, బావ చేతనే పెట్టించాడు. మధ్యలో ఎవరో బండి తెచ్చి ఎవరాయన అని అడిగితే, "మా బావ. నాకు పని నేర్పించినాయన" అన్నాడు. అందులో ఎగతాళి ఉందేమోనని చిన్నస్వామి వెతికాడు. కనబడలేదు. అదే ఆయనకు భరించడం కష్టమయింది. బస్సెక్కే ముందు, "ఆ పొద్దు నేనన్న మాట తప్పు భరత్" అన్నాడు. భరత్ సంచి లోపలికి అందిస్తూ, "అక్కను ఒకసారి తీసుకరా బావా" అని మాత్రం అన్నాడు.

మర్నాడు చక్రం ఎక్కించి, చైను పొడిగించి, గేరు తీగ సరిచేసి, తనే ఆ సైకిలు తొక్కుకుంటూ మిట్ట ఎక్కాడు. బరువైన మనిషే అయినా దిగకుండా, రొప్పకుండా పైకి పోయాడు. సైకిలు ఇచ్చేసి, బెంగుళూరు నుంచి సామాను వచ్చిందంటే ఆ కథ అక్కడితో ముగిసిపోయేది. దారంతా అదే ఆలోచన. అట్లా అంటే ఆమె మళ్ళీ నమస్కారం పెడుతుంది. దాన్ని ఇంకోసారి అందుకోవడం తనవల్ల కాదు.

పాల కేంద్రంలో నలుగురైదుగురు క్యాన్లతో నిలబడి ఉన్నారు. "రవ్వంత పక్కకు వస్తావామ్మా" అన్నాడు.

"పని వదిలి రాలేను మేస్త్రీ. ఈడనే సెప్పు."

చెప్పాడు. లోపల ఏమీ అరగలేదని, విప్పి పాడుచేసింది తనేనని, విప్పాల్సిన పనే లేదని, బెంగుళూరు మాట అబద్ధమని. క్యాను పట్టుకున్న ముసలాయన ఒకడు కిసుక్కుమన్నాడు. మాధవీలత చేతిలో పాలసీసా అట్లాగే ఉంది.

"నా మోకాలు వాచిపోయింది నీకు తెలుసా?"

"తెలుసమ్మా. దినమూ అంగడి ముందర నడిచి పోతాంటే సూస్తా ఉండా. సూసి లోపలికి పోతా ఉండా."

ఆమె సీసా కింద పెట్టింది. "అది సెప్పకుండా ఉండాల్సింది అప్పా" అంది నెమ్మదిగా. మేస్త్రీ అనలేదు. తర్వాతి సీసా అందుకుంది.

చిన్నస్వామి మిట్ట దిగి నడిచి వచ్చాడు. సాయంత్రానికి మాట అంగడి దాకా వచ్చేసింది. రెడ్డెమ్మకు అన్నీ తనే చెప్పాడు. అంతా విని ఆమె, తమ్ముడు చిక్కిపోయినాడా అని అడిగింది.

ఆ తర్వాత మాధవీలత దినమూ ఆ సైకిలు మీదే పోయింది. మిట్ట మీద ఎక్కడా దిగేది కాదు. గాలికైనా, పంక్చరుకైనా బస్టాండు దగ్గరి అంగడికి పోయేది. వానాకాలం మొదట్లో ఒకరోజు ఆ అంగడి మూసి ఉండి, చక్రంలో గాలి లేక, సైకిలు తోసుకుంటూ చిన్నస్వామి దగ్గరికి వచ్చింది. పంక్చరు అని ఒక్క మాట అంది. మామూలుగా జనం ఆయన దగ్గర సైకిలు వదిలి, బజారు పని చూసుకుని వచ్చేవారు. ఆమె పోలేదు. బల్ల మీద కూర్చుని, టైరు ఊడదీయడం మొదలు గాలి కొట్టేదాకా, ఆయన వేళ్ళ మీదనుంచి చూపు తిప్పలేదు. చిన్నస్వామి తల ఎత్తలేదు. చూడనీ, చూడాల్సిందే అనుకుంటూ, ట్యూబు నీళ్ళలో ముంచి, బుడగలు ఎక్కడ లేస్తున్నాయో ఆమెకు కనిపించేట్టు తొట్టి కొంచెం అటు జరిపాడు.