కనిపెట్టు కూడికలో కూర్చోలేని నవోమి

మా సంఘం నలభయ్యో వార్షికోత్సవం అయిపోయాక, దాని సంచికకి ఒక జీవిత కథ రాయమని కమిటీవాళ్లు వచ్చి అడిగినప్పుడు, నా కథే అడుగుతున్నారనుకున్నాను. అట్లా అనుకోవడంలో తప్పేమీ లేదు. జోగిపేట దగ్గరి పల్లెలో రేకుల బడిలో చదివి, ఏడో తరగతి పరీక్షలో తాలూకా మొత్తానికి మొదట నిలిచిన కృపావరాన్ని నేను. మాసబ్ ట్యాంక్‌లో సర్కారు ఆఫీసులో ముప్పై మూడేళ్లు పనిచేసి, ఒక్క మెమో కూడా అందుకోకుండా రిటైరైనవాణ్ని. బైబిలు మొదటి నుంచి చివరి దాకా నలభై మూడుసార్లు చదివాను. నలభై రోజుల ఉపవాసం మూడుసార్లు చేశాను. అమీర్‌పేటలో ఈ సంఘం పదకొండు మందితో అద్దె గదిలో మొదలైనప్పుడు ఆ పదకొండో మనిషిని నేనే. భాషల వరం, ప్రవచన వరం, జ్ఞానవాక్య వరం, మూడూ నాకున్నాయని శ్రీనగర్ కాలనీ సంఘంవాళ్లు కూడా ఒప్పుకుంటారు.

తీరా చూస్తే వాళ్లు అడిగింది నవోమి గురించి.

"ఆ రోజు ఆమె వెంట ఆటోల పోయింది మీరే గద పెద్దయ్యా. మీరే రాయాలె" అన్నారు. సరే, రాస్తున్నాను. చూసినవాడు రాస్తేనే పద్ధతి.

నవోమిది బాపట్ల అవతలి పల్లె. లిఫ్టులు బాగుచేసే భర్త వెంట ఇరవై మూడేళ్ల కిందట హైదరాబాదు వచ్చింది. మైత్రీవనం వెనక సందులో ఆడపిల్లల హాస్టల్లో వంట చేస్తుంది. కంప్యూటరు కోర్సులకని జిల్లాల నుంచి వచ్చిన అరవై నాలుగు మంది పిల్లలు ఆమె చేతి వంటే తింటారు. ఎవరి ఇంటర్వ్యూ పోయిందో ఆమెకి ప్లేటు చూస్తేనే తెలుస్తుంది. "మూడు దోసెలు తినే పిల్ల ఒకటి వదిలేసిందంటే, కంపెనీవాళ్లు మళ్లీ ఫోన్ చేస్తామని చెప్పినట్టేనండీ" అంటుంది. ఆ పిల్లకి మర్నాడు అడక్కుండానే ఉల్లిపాయ దోసె పడుతుంది.

ఇంతా చేసి నవోమికి ఒక్క వరం కూడా లేదు. పాటలో శ్రుతి కుదరదు. ప్రార్థన చెయ్యమంటే మూడు మాటల్లో ముగిస్తుంది. సాక్ష్యం చెప్పమంటే చెమటలు పడతాయి.

వరాలు లేనివాళ్ల కోసమే నేను కనిపెట్టు కూడిక మొదలుపెట్టాను. నెలలో రెండో శనివారం, పొద్దున పది నుంచి నాలుగు దాకా ఉపవాసం. మేడ మీద హాల్లో చాపల మీద కూర్చుని, కళ్లు మూసుకుని, చేతులెత్తి, వరం దిగివచ్చేదాకా కనిపెట్టుకుని ఉండడమే దాని పద్ధతి. నా ఆధ్వర్యంలో రెండువందల ఆరుగురు వరాలు పొందారు. పేర్లతో సహా పుస్తకం ఉంది. ఆ పుస్తకం మొదటి పేజీలో ముప్పై ఒక్కేళ్ల కిందట నేనే గుండ్రటి అక్షరాలతో ఒక నియమం రాశాను. వరము పొందనివారు సంఘములో ఏ బాధ్యతకును తగరు, అని. పొందినవాళ్లు ఎదిగినవాళ్లు, పొందనివాళ్లు పసిపిల్లలు. అప్పట్లో నా లెక్క అంతే.

నవోమి పదకొండు కూడికలకి వచ్చింది. పదకొండుసార్లూ మధ్యలో లేచిపోయింది. ఒకసారి, ఇంటర్వ్యూ పోయిన పిల్ల గది గడియ పెట్టుకుందని హాస్టల్ నుంచి ఫోను. ఒకసారి నా భార్య ఫేబీకి షుగరు పడిపోయిందని అందరికన్నా ముందు కనిపెట్టి, బెల్లం ముక్క కోసం కిందికి పరుగు. ఇంకోసారి కరెంటు పోతే, పక్కనున్న ముసలమ్మకి పాటల పుస్తకంతో విసురుతూ కూర్చుంది.

"చెయ్యెత్తుమంటే విసనకర్ర ఎత్తుతవేందమ్మా?" అని మందలించాను.

"ఆవిడకి ఊపిరాడటం లేదండీ. ఆడాక ఎత్తుదామని..."

"ఆమెకు ఊపిరాడేసరికి నీ వరం వచ్చి వాపస్ పోయింది."

అందరూ నవ్వారు. ఆమె కూడా నవ్వింది గానీ, ఆ సాయంత్రం మెట్ల దగ్గర ఆగి మెల్లగా అడిగింది. "పెద్దయ్యగారూ, నాలో ఏదైనా లోపముందంటారా? ఇరవై ఏళ్లయింది సంఘానికొచ్చి. ఇంకా పసిపిల్లనేనా నేను?"

అవునన్నాను. ఆ మాట అన్నవాణ్ని నేనే గనుక ఇక్కడ రాస్తున్నాను.

మొన్న ఏప్రిల్‌లో స్త్రీల సమాజం పెద్ద తన కూతురి దగ్గరికి వరంగల్ వెళ్లిపోయింది. ఆ చోట నవోమి ఉండాలని ఆడవాళ్లంతా ఒక్క మాటగా అడిగారు. నియమం ఒప్పుకోదన్నాను. వార్షికోత్సవంలో కొత్త పెద్దను నిలబెట్టాలి. దానికి ముందు ఒక్క కనిపెట్టు కూడికే మిగిలింది. నవోమికి అదే ఆఖరి అవకాశం. ఈసారి వరం ఇప్పించే తీరతానని మాటిచ్చాను. ఆమెను మొదటి వరసలో, తలుపుకి దూరంగా, గోడకీ నాకూ మధ్యన కూర్చోబెట్టాను. లేవాలంటే నా కాళ్లు దాటాలి. ముప్పై ఒక్కేళ్లలో నా కాళ్లు ఎవరూ దాటలేదు.

రెండున్నరకి హాలంతా స్తుతులతో నిండిపోయింది. వెనక వరసలో ఇద్దరు అప్పటికే ఎవరికీ అర్థంకాని భాషల్లోకి వెళ్లారు. నవోమి చేతులు రెండూ పైకే ఉన్నాయి. పెదవులు వణుకుతున్నాయి. దగ్గరికొచ్చింది, ఇంకొద్దిగా, అనుకున్నాను.

సరిగ్గా అప్పుడే మెట్ల మీంచి గొంతు. "ఓ నవోమీ! మీ తాత లేడే! తలుపు తీసుకొని ఎటో పోయిండే!"

పక్కింటి బుచ్చమ్మ. మా సంఘానికీ హాస్టళ్లకీ మధ్య పెంకుటిల్లు వాళ్లది. భర్త రాజనర్సయ్యకి ఎనభై దాటాయి. మతిమరుపు. పగలల్లా మా మేడ మెట్ల మీదే కూర్చుంటాడు. వాళ్లు మన సంఘంవాళ్లు కారు. బోనాలప్పుడు బుచ్చమ్మ బోనం ఎత్తుతుంది. మన మైకు సప్పుడు ఎక్కువైతే వచ్చి తిట్టిపోతుంది.

నవోమి కళ్లు తెరిచింది. "పెద్దయ్యగారూ..."

"కూసో అమ్మా. పరలోకం తెరుచుకునే టైమిది."

కూర్చుంది. నిజం చెప్పాలంటే ఒక్క నిమిషం కూర్చుంది. తరువాత "క్షమించండయ్యా" అని, చీర కుచ్చిళ్లు పట్టుకుని, నా కాళ్లు దాటి వెళ్లిపోయింది.

కూడిక చెదరకూడదని నేను లేచి ప్రవచించాను. "నీళ్లు కనిపిస్తున్నయి! గొప్ప నీళ్లు! ఆ ఒడ్డునే ఉన్నడు!" సంఘంలోని నలుగురు తమ్ముళ్లు వెంటనే బండ్లు తీసి హుస్సేన్ సాగర్ వైపు దౌడు తీశారు. నేను తృప్తిగా కూర్చోబోయాను.

ఫేబీ నా జుబ్బా అంచు పట్టి లాగింది. "ఎండ మండిపోతుంది. ఆ పిల్ల ఒక్కతే పోతుంది. మీరు పోండి వెనుక."

"నేను ప్రవచించిన కదనే."

"ప్రవచనానికి కాళ్లు లేవు. మీకున్నయి."

యాభై ఏళ్ల కాపురంలో ఈ మనిషి మాట విని నేను చెప్పులు వేసుకోవడం అది మూడోసారో నాలుగోసారో.

కిందికి దిగేసరికి నవోమి ఆటో ఆపి ఉంది. "ఎర్రమంజిల్" అని చెబుతోంది.

"ఎర్రమంజిల్ ఎందుకు? టాంక్‌బండ్ పోవాలె. నీళ్లు కనిపించినయి నాకు!"

"తాత అక్కడ ఆఫీసులో ముప్పై ఏళ్లు తోటమాలిగా చేశాడు కదండీ. పొద్దున్నించీ ఒకటే గొడవ, ఎండలు ముదిరినయి, మొక్కలకి నీళ్లు లేవు, డ్యూటీకి లేటయిందీ అని. కూడిక అయ్యాక తీసుకెళ్తానన్నాను. ఆగలేదు."

నేను ఆటో ఎక్కి కూర్చున్నాను. ఆ ముసలాయన్ని పదేళ్లుగా ప్రతి వారం మెట్ల మీద దాటుకుంటూ పైకెక్కాను. దాటినప్పుడల్లా "ప్రభువు దీవించును గాక" అనేవాణ్ని. ఆయన ఏం పని చేసేవాడో నాకు తెలియదు. ఎదుటివాడి సంగతి చెప్పకుండానే తెలిపే జ్ఞానవాక్య వరమున్నవాణ్ని, ఒక్క రోజూ అడగలేదు. సాయంత్రం నాలుగింటికి ఆయనకి చాయ్ తెచ్చిచ్చి, చెప్పిందే చెబుతుంటే పదిసార్లు వినే నవోమికి తెలుసు.

పంజాగుట్ట చౌరస్తాలో ఆటో ఇరుక్కుపోయింది. పైన మెట్రో సాఫీగా పోతోంది, కింద మేము కదలడం లేదు. నవోమి దిగి నడక మొదలుపెట్టింది. డెబ్బై నాలుగేళ్ల వయసులో, ఉపవాసంతో, తెల్లబట్టలతో నేనూ ఆమె వెనక పంజాగుట్ట నుంచి ఎర్రమంజిల్ దాకా నడిచాను. అది కూడా నా ఘనతల్లో ఒకటని రాసుకోవచ్చు.

ఆఫీసు ప్రహరీగోడ బయట ఫుట్‌పాత్ మీద ఉన్నాడు రాజనర్సయ్య. పాత నీళ్ల సీసాతో ఒక వేపమొక్కకి చుక్క చుక్కగా పోస్తున్నాడు. చెప్పుల్లేవు. కాళ్లు కాలకుండా నీడతో పాటు జరుగుతున్నాడు.

"తాతా! ఇంటికి పోదాం రండి. అవ్వ ఏడుస్తోంది."

"డ్యూటీ అయిపోలే బిడ్డా. సార్ చెప్పకుండ ఎట్లొస్త? ఆబ్సెంట్ ఏస్తడు." ఇంతలో ఆయన కళ్లు నా తెల్లబట్టల మీద పడ్డాయి. గబుక్కున చేతులు కట్టుకున్నాడు. "నమస్తే సార్."

నవోమి నా చెవిలో, "పెద్దయ్యగారూ, సార్ మీరే. సెలవు ఇచ్చెయ్యండి" అంది.

అబద్ధమాడనా? తటపటాయించాను. చివరికి, ముప్పై మూడేళ్ల సర్కారు నౌకరి చేసినవాణ్ని కదా, ఆ గొంతు దానంతటదే వచ్చేసింది. "నర్సయ్యా, పని మంచిగ చేసినవు. ఇగ ఇంటికి పో."

"ఇంక రెండు మొక్కలున్నయి సార్. జర మీరు సుత ఒక చెయ్యెయ్యుండ్రి, జల్దీ అయితది."

వేశాను. ఫుట్‌పాత్ మీద వంగి, సీసాతో రెండు మొక్కలకి నీళ్లు పోశాను. నవోమి తన చెప్పులు విప్పి ఆయన కాళ్లకి తొడిగి, తను ఉత్తకాళ్లతో ఆటో కోసం రోడ్డు దాటింది. నేను ప్రేమ మీద నలభై రెండు ప్రసంగాలు చేశాను, కొన్ని రెండు గంటలవి. ఆ ప్రేమ రోడ్డు దాటుతుంటే వెనక నిలబడి చూడడం మాత్రం అదే మొదలు.

మేము తిరిగొచ్చేసరికి నాలుగున్నర. కూడిక ముగిసింది. తొమ్మిది మందికి వరాలొచ్చాయని చెప్పారు. హుస్సేన్ సాగర్ చుట్టూ తిరిగిన తమ్ముళ్లు ఎండకి నల్లబడి వచ్చారు. బుచ్చమ్మ భర్తని నాలుగు తిట్టి, చెంగుతో ఆయన మొహం తుడిచింది. నవోమి మెట్ల మీద కూలబడి, "ఈసారి కూడా పోయిందండీ" అంది. కళ్లనిండా నీళ్లు.

నేను పైకి వెళ్లి పుస్తకం తీసుకొచ్చి, ఆమె ముందే మొదటి పేజీ తెరిచి, నా గుండ్రటి అక్షరాల మీద అడ్డంగా గీత గీశాను.

"ఏంటండీ ఇది? మీరు రాసిందే కదా!"

"నేనే రాసిన. నేనే కొట్టేస్తున్న. అమ్మా, పసిపిల్లవా అని అడిగినవు కదా. పసిపిల్లలకు తమ ఆకలి తప్ప ఎవరి ఆకలి తెల్వదు. నాకు నా వరాలు తప్ప ఇంకేం కనపడలే. నీకు మెట్ల మీది మనిషి కనపడ్డడు. మన ఇద్దరిల ఎదిగింది నువ్వే."

ఆమె నమ్మలేదు. ఫేబీ వచ్చి గట్టిగా చెబితేగానీ నమ్మలేదు. ఆ తరువాత ఫేబీ నా వైపు తిరిగి, "నీళ్లు కనపడుతున్నయన్నరు గద. సీసాల ఉండె" అంది. ప్రవచనం నెరవేరిందని నేను కూడా ఒక వారం అందరికీ చెప్పుకున్నాను. తరువాత మానేశాను.

వరాలు వద్దని నేననడం లేదు. ఇప్పటికీ రెండో శనివారం కూర్చుంటాం. కాకపోతే తలుపు తీసే ఉంటుంది, ఎవరు పిలిచినా వినపడేట్టు.

స్త్రీల సమాజం పెద్దగా ఉండడానికి నవోమి ఒకే షరతు పెట్టింది. మేడ మెట్ల మీద పన్నెండు కుండీలు పెట్టాలి, రాజనర్సయ్య డ్యూటీ ఇకనుంచి అక్కడే. హాజరు పుస్తకం నేనే తయారుచేశాను. రోజూ ఆయన వేలిముద్ర వేస్తాడు, పక్కన అధికారిగా నేను సంతకం పెడతాను. ఇప్పటిదాకా ఒక్క ఆబ్సెంటూ లేదు.

వార్షికోత్సవం నాడు ఆమెను ముందుకి పిలిచాం. చాప మీద మోకరించింది. స్త్రీల తల మీద చెయ్యి ఆనించకుండా పైన చాపి ప్రార్థించడం మా పద్ధతి. కళ్లు మూసుకుని మొదలుపెట్టాను. ఆ రోజు ప్రార్థన బాగా కుదిరింది, పదకొండు నిమిషాలు అనర్గళంగా సాగింది. ముగింపు దగ్గర ఎందుకో కళ్లు తెరిస్తే, నా చేతుల కింద చాప ఖాళీగా ఉంది. పాటల పుస్తకం ఒక్కటే ఉంది.

కింద కుండీ ఏదో దొర్లిన చప్పుడు, బుచ్చమ్మ కేక, "ఏం కాలేదు తాతా, మట్టి నేనెత్తుతాను" అని నవోమి గొంతు.

హాల్లో ముసిముసి నవ్వులు. నేను మాత్రం ఆపలేదు. ఆ ఖాళీ చాప మీదే చేతులు చాపి, సంపూర్తిగా దీవించి ముగించాను. అందరికన్నా గట్టి ఆమేన్ మెట్ల కింది నుంచి వినిపించింది.