మిస్ గార్‌సైడ్ అందించిన తీర్పు

ఫిలిపా గార్‌సైడ్ బారిస్టరై నాలుగేళ్లయింది. ఆమె పని ప్రభుత్వంతో తగువు. వీల్‌చెయిర్ ఇవ్వనన్న ఊరి కౌన్సిల్ మీదా, బడి బస్సు ఆపేసిన కౌన్సిల్ మీదా, కాగితాలు తామే పోగొట్టి నువ్వే పోగొట్టావన్న మంత్రిత్వ శాఖ మీదా దావాలు వేస్తుంది. వీటిలో గెలిచినా పెద్దగా ఒరిగేదేం ఉండదు. "ఈ నిర్ణయం చెల్లదు, మళ్లీ తీసుకోండి" అంటారు జడ్జిగారు. వాళ్లు అదే నిర్ణయాన్ని ఈసారి పద్ధతిగా తీసుకుంటారు. అయినా ఫిలిపాకి ఆ పనంటే ప్రాణం. వాళ్లమ్మకి మాత్రం పక్కింటావిడతో చెప్పుకోడానికి ఏమీ దొరికేది కాదు. "హంతకుల కేసు ఒక్కటీ రాదుటే నీకు?" అనేది.

ఆయోనీ కాడొగన్ కేసు వచ్చినప్పుడు మాత్రం ఈసారి గెలిస్తే నిజంగా ఏదో ఒరుగుతుందనిపించింది.

ఆయోనీకి ఎనభై ఒకటి. బార్బడోస్ నుంచి వచ్చి లండన్ ఆసుపత్రుల్లో నలభై ఏళ్లు నర్సుగా చేసింది. ఇప్పుడు భర్త ఆల్విన్ పేరు కూడా ఉదయం గుర్తుంటే మధ్యాహ్నానికి ఉండదు. కానీ వారానికి నాలుగు పూటలు పేటలోని వృద్ధుల కేంద్రంలో డామినో ఆట బల్ల ముందు కూర్చోబెడితే చాలు, బిళ్ల ఠపీమని కొట్టి, పక్కవాణ్ణి నాలుగు తిట్టి మరీ గెలిచేది. ఆ నాలుగు పూటలే ఆల్విన్‌కి కునుకు. కేంద్రం మూతపడితే ఆమెని రెండు గంటల దూరాన సముద్రపు ఒడ్డున ఉన్న ఆశ్రమంలో చేర్చక తప్పదని డాక్టరు తేల్చేశాడు. యాభై నాలుగేళ్ల కాపురం అక్కడితో సరి.

ఆ కేంద్రాన్ని మూసెయ్యాలని నిర్ణయించే ముందు కౌన్సిల్ ఆ ముసలివాళ్లను మాటమాత్రం అడగలేదు. చట్టప్రకారం అడిగి తీరాలి. ఫిలిపా చేతిలో ఉన్న కర్ర అదొక్కటే. గట్టి కర్రే.

విచారణ రోజు పొద్దున కోర్టులో లాయర్లు గౌన్లు తొడుక్కునే గదిలో, ఎందుకైనా మంచిదని కొత్త తీర్పులు మరోసారి వెతికింది. వెతక్కుండా ఉండాల్సింది. వేరే ఊరి కేసులో, కిందటి వారమే వచ్చిన తీర్పు. తలుపు మీద నెల రోజులు నోటీసు అంటించి ఉంచితే అడిగినట్టేనట, ఒక్కొక్కరినీ పిలిచి అడగక్కర్లేదట. కౌన్సిల్ కాగితాల్లో నూట నలభై మూడో పేజీలో ఒక్క లైను ఉంది: తలుపుకి నోటీసు అంటించాము. ఆ లైనుకి విలువుందని కౌన్సిల్‌కే తెలీదు.

కౌన్సిల్ తరపు బారిస్టరు హ్యూగో లాసెటర్ ఊడిన కాలరు చేత్తో పట్టుకుని వచ్చాడు.

"ఫిలిపా, కాలరు గుండీ ఒకటి అప్పిస్తావా? నాది మా చంటాడు మింగేశాడు."

"అయ్యో, డాక్టరుకి చూపించారా?"

"దేనికి? సాయంత్రానికి అదే వస్తుందంది మా ఆవిడ. అది పెట్టుకోలేను కదా!"

గుండీ ఇచ్చింది. అతనికి ఆ తీర్పు సంగతి తెలీదని ముఖం చూస్తేనే తెలుస్తోంది. కానీ ఆ దేశపు బారిస్టర్లకి ఒక కట్టుబాటుంది. నీకు ఎదురు తిరిగే తీర్పు నీ కంటబడితే, అవతలివాడు చూసుకోకపోయినా సరే, నువ్వే తీసి జడ్జిగారి చేతికివ్వాలి. కోర్టు ముందు, కక్షిదారు తర్వాత.

ఆ నోటీసు రెండు రోజులకే ఊడి పడిపోయుంటే బాగుండునని వరండాలోకి పరిగెత్తింది. ఇంట్లో చూసుకునేవాళ్లు లేక ఆల్విన్ భార్యని కూడా తెచ్చి బెంచీ మీద కూర్చోబెట్టాడు.

"మిస్టర్ కాడొగన్, కేంద్రం తలుపు మీద నోటీసేమైనా ఉండేదా?"

"ఉండకేం తల్లీ! గాలికి రోజూ ఊడిపోయేది. నేనే ఇంటి నుంచి టేపు తెచ్చి నెలంతా అతికించా. అడ్డదిడ్డంగా వేలాడితే నాకు నచ్చదు."

"అందులో ఏముందో చదివారా?"

"కళ్లద్దాలుంటే కదా! ఆఫీసు కాగితం, ఊడిపోతే పాపం వాళ్లకి మాటొస్తుందని."

కోర్టులో ఫిలిపా బాగానే వాదించింది. జడ్జిగారు తలూపుతున్నారు. హ్యూగో లేచాక అడిగిన ప్రతి ప్రశ్నకీ నీళ్లు నమిలాడు. ఆ తీర్పేదో ఇతనే కనిపెట్టకూడదా, నా చేతికి ఆ పని తప్పుతుంది కదా అని పన్నెండున్నర దాకా ఎదురుచూసింది. వెనక నుంచి ఆల్విన్ ఆమె గౌను లాగి, "కొట్టేశావ్ తల్లీ" అని గుసగుసలాడాడు.

ఆమె లేచింది. జారుతున్న తెల్లటి కోర్టు విగ్గుని వెనక్కి నెట్టుకుంది.

"మై లార్డ్, నాకు వ్యతిరేకంగా ఒక తీర్పుంది. పొద్దున్నే చెప్పి ఉండాల్సింది, క్షమించాలి."

కాపీలు అందించింది. హ్యూగో ముందు ఎర్రబడ్డాడు, రెండో పేజీకి తెల్లబడ్డాడు, మూడో పేజీకి అతని ముఖం వెలిగిపోయింది. మూడు గంటలకల్లా అంతా అయిపోయింది. తీర్పు చివర జడ్జిగారు, మిస్ గార్‌సైడ్ నిజాయితీ ఈ వృత్తికే వన్నె తెచ్చిందన్నారు. ఎవరినో మెచ్చుకుంటున్నారని అర్థమై ఆయోనీ గట్టిగా చప్పట్లు కొట్టింది.

వరండాలో ఆల్విన్ టోపీ తిప్పుతూ నిలబడ్డాడు.

"ఆ కాగితం వాళ్ల దగ్గర లేదా?"

"లేదు."

"నువ్విచ్చావు."

"ఇవ్వాలండీ. రూలు."

"మరి నువ్వు ఎవరి లాయరువి తల్లీ?"

ఫిలిపా రూలంతా మొదటి నుంచి చెప్పింది. ఆయన మర్యాదగా విన్నాడు. విన్నాక, "మంచి రూలే. నాకు తెలిసుంటే నేను టేపు తెచ్చేవాణ్ణి కాదు, నిన్నూ తెచ్చుకునేవాణ్ణి కాదు" అని భార్య కోటు బొత్తాలు పెట్టసాగాడు. ఆయోనీ ఫిలిపా విగ్గుని వేలితో తాకి, "ఎంత బావుందో పెళ్లికూతురు!" అంది.

అక్టోబరులో ఆమెని సముద్రపు ఒడ్డుకి పంపేశారు.

ఆ నెలలోనే ఫిలిపా ఆఫీసులో బారిస్టర్లకి కేసులు పంచే గుమాస్తా రోనీ ట్విగ్ తలుపు తోసుకుని వచ్చాడు.

"పంట పండింది మిస్! ఇంకో కౌన్సిల్ మిమ్మల్నే కావాలంటోంది. ముసలాళ్ల కేంద్రాలు మూడు మూస్తున్నారట. ఆ తీర్పులో మీ పొగడ్త చదివారు."

"నేను చెయ్యలేను రోనీ."

"పద్నాలుగో తారీఖు ఖాళీ. మీ సబ్జెక్టే. వరసలో నిలబడ్డ టాక్సీ ఎక్కినవాణ్ణి దిగమంటుందా? ఖాళీ ఉండి వచ్చిన కేసు కాదనకూడదు, అది కూడా మీ రూలేగా మిస్!"

పద్నాలుగున ఫిలిపా ఆ కౌన్సిల్ తరపున కోర్టులో లేచి, నోటీసు అంటిస్తే చాలన్నదానికి ఆధారంగా కాడొగన్ తీర్పు చూపించింది. మునుపటి ఆ వేరే ఊరి తీర్పుని ఇప్పుడెవరూ తలవరు, ఆయోనీ పేరే స్థిరపడింది. కొత్త జడ్జిగారు కళ్లద్దాల మీంచి చూశారు.

"ఈ కేసులో మీరూ ఉన్నట్టున్నారు, మిస్ గార్‌సైడ్?"

"ఉన్నాను మై లార్డ్."

"ఏ పక్షాన?"

"ఓడిన పక్షాన, మై లార్డ్."

కోర్టంతా హాయిగా నవ్వింది. అందరితో పాటు ఆమె కూడా నవ్వి, పేజీ తిప్పింది.