సీతారామయ్యగారి సన్మానం

2023 జూలై 12, బుధవారం, ఉదయం పది గంటల ఇరవై నిమిషాలు. బయట సన్నని తుంపర. నల్లగండ్ల సమీపంలోని ఒక ఇంజనీరింగు కళాశాలలో, ప్రిన్సిపల్ గదిలో, విశ్వేశ్వరరావు డాక్టర్ సీతారామయ్యను తొలిసారి కలుసుకొన్నాడు. సీతారామయ్య ఒక నీలిరంగు ఫైలులో ఉన్నాడు. ఆ ఫైలుకు వెలుపల ఆయన ఎక్కడా లేడు.

“తనిఖీకి ఒక ప్రొఫెసర్ తక్కువ పడుతున్నడు రావుగారూ,” అన్నాడు ప్రిన్సిపల్ రామచంద్రం. “జర ఈయన క్లాసులు గూడ మీరే చూస్కోండ్రి. రెండు నెలలే.”

విశ్వేశ్వరరావు కాకినాడ నుండి వచ్చి ఇరవై ఏళ్లుగా అక్కడ మెకానికల్ శాఖలో అసిస్టెంట్ ప్రొఫెసరుగా ఉన్నవాడు. అప్పగించిన పనిని సగంలో విడిచిపెట్టడం ఆయనకు చేతకాదు. రెండు నెలలు రెండేళ్లయ్యాయి. సీతారామయ్య పేర థర్మోడైనమిక్స్ తానే బోధించాడు. ఏటా రెండు పరిశోధన పత్రాలుండాలన్నారు గనుక, తాను వ్రాసినవాటిలో మేలైనవి సీతారామయ్యకిచ్చి, మిగిలినవి తానుంచుకొన్నాడు. తనిఖీవారు ముందుగా తెరిచేది ఆ ఫైలే కదా! ఫైలులో సమాజసేవ గడి ఖాళీగా ఉన్నదంటే, శేరిలింగంపల్లి శిబిరానికి వెళ్లి ఆయన పేర రక్తమిచ్చి వచ్చాడు. అటెండరు కిష్టయ్య సీతారామయ్య వంతు టీ కూడా రోజూ తెచ్చి బల్లమీద పెట్టి, కాసేపు మర్యాదగా వేచిచూచి, తానే త్రాగేవాడు.

విశ్వేశ్వరరావుకున్న కోరిక ఒక్కటే. ఇంజనీర్ల దినోత్సవం నాడు ఉత్తమ అధ్యాపకుడుగా తన పేరు ఒక్కసారి మైకులో వినబడాలి, అది భార్య రాజరాజేశ్వరి వినాలి. 2025లో ఆ అవకాశం వచ్చింది. తప్పులేకుండా కూడేవాడు మరొకడు లేనందున మార్కులు వేసే పనీ ఆయనకే వచ్చింది. బోధన, పరిశోధన, సేవ మూడూ కూడి, మూడుమార్లు సరిచూచాడు. విశ్వేశ్వరరావుకు ఎనభై ఎనిమిదిన్నర, సీతారామయ్యకు తొంభై ఒకటి. విద్యార్థులలో సీతారామయ్యమీద ఫిర్యాదు చేసినవాడు ఒక్కడూ లేడు. కంటబడని మనిషిమీద ఎవరికి కోపం వస్తుంది?

ఆయన కాగితం పట్టుకొని ప్రిన్సిపల్ దగ్గరికి పరుగెత్తాడు.

“సార్, ఆయన లేరు కదండీ!”

“లేడని మనకెర్క. కాయితానికెర్కనా?”

“అయినా అవార్డు...”

“గిన్ని మార్కులొచ్చినోనికి ఎందుకియ్యలేదని రేపు తనిఖీలోళ్లు అడుగుతరు. ఆయన్నే పిలువుండ్రి అంటరు. మీరు పిలుచుకొస్తరా?”

“పోనీ, నాకు రెండో బహుమతి?”

“రెండోది లేదు. శాలువా ఒక్కటే కొన్నం.”

గుమ్మం దగ్గర కిష్టయ్య ఓదార్చాడు. “ఫికర్ జెయ్యకుండ్రి సార్. కప్పేది మీ భుజాలకే గద.”

సెప్టెంబరు 15, సోమవారం, మాదాపూరులోని సభామందిరంలో సీతారామయ్య పేరు మైకులో మారుమ్రోగింది. ఆయన తరఫున అందుకోవడానికి విశ్వేశ్వరరావు లేచాడు. ముందు వరుసలో కొత్త పట్టుచీరతో కూర్చున్న రాజరాజేశ్వరి ఆయన చేయి పట్టుకొని, “సీతారామయ్యెవరండీ? అవార్డు మీకే వస్తుందన్నారుగా?” అన్నది. ఆయన చేయి విడిపించుకొని వేదిక ఎక్కాడు.

శాలువా కప్పిన పిదప రామచంద్రం మైకు ఆయన చేతికిచ్చి, సీతారామయ్యను గురించి నాలుగు మాటలు చెప్పమన్నాడు. తన గొప్ప తాను చెప్పుకోవడం విశ్వేశ్వరరావుకు ఎన్నడూ అబ్బని విద్య. పరుల గొప్ప చెప్పడానికి అభ్యంతరమేమున్నది?

“ఆయన ఒక్క తరగతి కూడా ఎగ్గొట్టలేదండి. జ్వరం వచ్చినా వచ్చారు. పత్రాల్లో ప్రతి పటమూ ఆయన చేత్తో గీసిందే. ఇచ్చిన రక్తం కూడా... సొంత రక్తమేనండి.”

విద్యార్థులు లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. రామచంద్రం కళ్లు తుడుచుకొంటూ, “ఇంత మంచోడని నాకే తెల్వకపాయె,” అన్నాడు.

ఇంటికి వెళ్లే ఆటోలో రాజరాజేశ్వరి నిష్ఠూరమాడింది. “అంత మంచాయన్ని ఒక్కపూటైనా భోజనానికి పిలిచారు కాదేమండీ?”

“పిలవకపోయినా రోజూ మనింట్లోనే తింటున్నాడే,” అన్నాడు విశ్వేశ్వరరావు.

అవార్డు బలంతో 2026 జనవరిలో సీతారామయ్య శాఖాధిపతి అయ్యాడు. ఆయన సంతకాలన్నీ విశ్వేశ్వరరావే చేస్తున్నాడు. అదే నెలలో విశ్వేశ్వరరావు పదోన్నతికి దరఖాస్తు పెట్టుకొన్నాడు. దానికి శాఖాధిపతి సిఫారసు కావలసి వచ్చింది. తనను తానే సిఫారసు చేసుకోవడం న్యాయం కాదని ఆ గడి ఖాళీగా విడిచిపెట్టాడు. దరఖాస్తు ఫిబ్రవరిలో తిరిగివచ్చింది.