ఓడిన ఆటకు శోకం పెట్టిన అవ్వ

నా చిన్నప్పుడు మా గుట్ట మీద బడి లేదు. కింద ఊళ్ళో ఉండేది గాని అక్కడికి పోవాలంటే లారీ ఎక్కాలి. నేను లారీ ఎక్కితే చెల్లెలిని ఎవరు చూసుకుంటారని మా అమ్మ పంపలేదు. అమ్మా నాన్నా ఇనుపరాయి కొట్టే చోట చెల్లెలిని చంకన వేసుకుని, నీడ ఎటు జరిగితే అటు జరుగుతూ పెరిగాను. తర్వాత నా చేతికీ సుత్తి వచ్చింది. ఆ తర్వాత పెళ్ళి, పిల్లలు, వాళ్ళ పిల్లలు. మా చిన్నకోడలు అనంతపురం వైపు పిల్ల. మధ్యాహ్నం గిన్నెలు కడిగి బోర్లించాక నన్ను కూర్చోబెట్టి అక్షరాలు దిద్దించింది. అందుకే ఈ సంగతి ఇంత ఆలస్యంగా రాస్తున్నాను. ఇన్నేళ్ళూ నోటితో చెప్పాను. చెప్పినప్పుడల్లా విన్నవాళ్ళు నవ్వారు. రాసినా నవ్వుతారో లేదో చూడాలని ఉంది.

అవి మా బళ్ళారి జిల్లాలో గనులు జోరు మీదున్న రోజులు. పగలనక రాత్రనక లారీలు రాయి మోసుకుపోయేవి. గుడ్డలు, గోడలు, మేకల వీపులు, ఆఖరికి అన్నం కూడా ఎర్రగానే ఉండేది. మాది కప్పగల్లు. వానలు లేక చేను పండకపోతే మావాళ్ళు గుట్ట మీది క్యాంపుకు వచ్చి రేకుల కొట్టంలో ఉన్నారు. అమ్మ, నాన్న, మా అవ్వ, మా చిన్నాయన, మేము. చిన్నాయన అంటే నాన్న తమ్ముడు. ఆయన రాయి పేల్చే జట్టులో పనిచేసేవాడు. పొడుగ్గా, సన్నగా, ఎప్పుడూ నవ్వుతూ ఉండేవాడు. నన్ను భుజం మీద ఎక్కించుకుని గుట్ట చుట్టూ తిప్పేవాడు.

బళ్ళారి కంటోన్మెంటు నుంచి వచ్చిన ఒక లారీ డ్రైవరు మా గుట్టకు ఫుట్‌బాల్ తెచ్చాడు. రాయి తీయగా మిగిలిన మట్టిని చదును చేసి, అటు రెండు బొంగులు, ఇటు రెండు బొంగులు పాతారు. మా ఎదురు గుట్ట మీద ఇంకో క్యాంపు ఉండేది. అందులో ఎక్కువమంది కన్నడంవాళ్ళు. ఆదివారం వచ్చిందంటే ఆ క్యాంపుకూ మా క్యాంపుకూ ఆట. ఆడేవాళ్ళకంటే చూసేవాళ్ళకే పౌరుషం ఎక్కువ. ఆడవాళ్ళు కూడా ఖాళీ డబ్బాలు తెచ్చుకుని వాయించేవాళ్ళు. చిన్నాయన మా గోలీ, అంటే గోలు కాసేవాడు. ఆయన బంతి పట్టుకుంటే నేను పట్టుకున్నట్టే ఎగిరేదాన్ని.

ఒక ఆదివారం గని యజమాని గెలిచిన క్యాంపుకు పొట్టేలు ఇస్తానన్నాడు. కొమ్ములు తిరిగిన నల్ల పొట్టేలును తెచ్చి మైదానం పక్కనే కట్టేశారు. అది నిమ్మళంగా గడ్డి నములుతూ ఆట చూసింది. ముందు మావాళ్ళు ఒక గోలు వేశారు. తర్వాత వాళ్ళు ఒకటి వేశారు. ఆ తర్వాత వాళ్ళు ఎంత తన్నినా చిన్నాయన బంతిని లోపలికి పోనివ్వలేదు. ఒకసారి పక్కకు దూకి పట్టుకుంటే చొక్కా భుజం దగ్గర చినిగి వేలాడింది.

ఇక ఆట అయిపోతుందనగా వాళ్ళ క్యాంపు పిల్లగాడు ఒకడు బంతిని తన్నాడు. గట్టిగా కూడా తన్నలేదు. సరిగ్గా అప్పుడే గని సైరను మోగింది.

గుట్ట మీద బతికినవాళ్ళకు సైరను అంటే ఏమిటో మీకు చెప్పాలి. రాయి పేల్చే ముందు అది మోగేది. మోగగానే ఎక్కడివాళ్ళు అక్కడ చెవులు మూసుకుని కింద కూర్చోవాలి, లేకపోతే ఎగిరివచ్చిన రాయి తలకు తగులుతుంది. ఆదివారం పేల్చరని అందరికీ తెలుసు. ఎవరో ఫిట్టరు సైరను బాగుచేసి, మోగుతుందో లేదో చూశాడట. కాని ఆలోచించే తీరిక ఎవరికుంది? ఆటగాళ్ళంతా కూర్చున్నారు. చూసేవాళ్ళంతా కూర్చున్నారు. తన్నిన పిల్లగాడు కూర్చున్నాడు. విజిలు ఊదే పెద్దమనిషీ కూర్చున్నాడు. కూర్చోనిది బంతి ఒక్కటే. అది మెల్లగా దొర్లుకుంటూ, చెవులు మూసుకుని కూర్చున్న మా చిన్నాయన పక్కనుంచి బొంగుల మధ్యకు పోయింది.

లేచి చూసేసరికి పెద్ద గలాటా.

"సూడకుండానే గోలు ఎట్ట ఇస్తావప్పా?" అని మావాళ్ళు విజిలు పెద్దమనిషి మీదికి పోయారు.

"బంతి లోపల ఉండాది. కాళ్ళుండి నడిచిపోయిందా?" అన్నాడాయన.

ఆయన మాట మార్చలేదు. పొట్టేలు ఎదురు గుట్టకు పోయింది. పోతూ పోతూ వెనక్కి తిరిగి మా వైపు చూసి అరిచింది. దాంతో మావాళ్ళ కోపం ఇంకా పెరిగింది. ఎదురు క్యాంపువాళ్ళు వెళ్ళిపోయారు, ఫిట్టరు కనబడలేదు. ఇక మిగిలింది చిన్నాయనే.

"సైరనుకు కూసునే గోలీ యాడన్నా ఉంటాడా?"

"నువ్వూ కూసుంటివి గదరా, నేను సూడలేదా?"

"నేను కూసుంటే గోలు పోదు గదన్నా. వాడు కూసుంటే పొట్టేలు పాయె."

చిన్నాయన వాళ్ళను దాటుకుని వెళ్ళిపోయాడు. కొట్టంలోకి వచ్చి, ఉన్న రెండు చొక్కాలు దుప్పట్లో చుట్టి ముడి వేశాడు. నేను గుమ్మంలో నిలబడ్డాను.

"యాడికి పోతాండావు చిన్నాయనా?"

"ఊరికి. ఇంగ ఈడ మొగం ఎత్తుకోని తిరిగేది నాతో కాదు పాపా."

ఊళ్ళో ఏముంది ఆయనకు? బీడుపడిన చేను తప్ప. ఆ సంగతి నాకే తెలుసు, అవ్వకు తెలియదా? హొసపేటకు పోయే లారీ గుట్ట దిగువన రాయి నింపుకుంటోంది. ఆయన మూట పట్టుకుని దిగిపోయాడు. వెనక్కి రమ్మని అవ్వ పిలవలేదు. బతిమాలలేదు. కొడుకు పోయిన దోవ వైపు ఒకసారి చూసి, కొంగు నడుముకు చెక్కుకుని తిన్నగా మైదానానికి నడిచింది. నడిమధ్యన కూర్చుని, కాళ్ళు బారజాపి, గొంతెత్తింది.

మా అవ్వ శోకం పెడితే చుట్టుపక్కల గుట్టల మీద తెలియనివాళ్ళు లేరు. మా వైపు ఎవరైనా పోతే ఆడవాళ్ళు చుట్టూ కూర్చుని, ఆ మనిషి మంచిని ఒక్కొక్కటే రాగం తీసి ఏడుస్తారు. ఆ పనికి మా అవ్వను వేరే క్యాంపులవాళ్ళు కూడా పిలుచుకుపోయేవాళ్ళు. ఆమె గొంతు వినబడితే పొయ్యి మీద ఎసరు అలాగే వదిలి వచ్చేవాళ్ళు.

"నా తల్లీ ఆటా, పెండ్లికూతురు మాదిరి వస్తివి గదే. పొద్దు గుంకకముందే పోతివి గదే."

అందరూ పరుగెత్తుకొచ్చారు. ఎవరు పోయారో తెలియక ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. సంగతి అర్థమయ్యాక ఒక ముసలాయన కసురుకున్నాడు.

"ఏమ్మే, బతికినోళ్ళ నడుమ శోకం పెడితే అరిష్టం."

అవ్వ రాగం ఆపి ఒక కన్ను తెరిచింది. "బతికినోళ్ళ మీద యాడ పెడతాండానప్పా? పోయిందాని మీదనే పెడతాండా," అని మళ్ళీ అందుకుంది. మొదటి గోలు పడినప్పుడు గుట్టంతా గంతులు వేసిన సంగతి ఎత్తింది. డబ్బాలు సొట్టలు పడేలా వాయించిన సంగతి ఎత్తింది. వినగా వినగా పక్కింటి అక్కకు కాళ్ళు నిలవలేదు. పోయి అవ్వ మెడ మీద చెయ్యి వేసి తనూ మొదలుపెట్టింది. ఆమె వెనక ఇంకొకామె. మగవాళ్ళు కూడా కూర్చున్నారు. కుర్రవాడు ఒకడు రాగం అందుకుని, "సైరను మోగితే కూసుంటివి గదరా గోలీ" అన్నాడు.

అవ్వ తొడ చరిచి ఆపింది. "ఏయ్, శోకంలో తప్పులెత్తకూడదు. మీ తాత పోయినప్పుడు ఆయప్ప తాగుడు ఎత్తితినా నేను?"

మైదానమంతా ఒక్కసారిగా నవ్వింది. ఆ కుర్రవాడే అందరికంటే ఎక్కువ నవ్వాడు.

అప్పుడే చిన్నాయన మనుషులను తోసుకుంటూ వచ్చాడు. చేతిలో మూట అలాగే ఉంది. ఆయన వెనకే లారీ డ్రైవరు, క్లీనరు. తల్లి శోకం విని లారీ ఎక్కే కొడుకు ఎవడుంటాడు?

"ఎవురికేమాయమ్మా?" అన్నాడు ఆయాసపడుతూ.

అవ్వ రాగం ఆపలేదు. కొడుకు వైపు చూడను కూడా చూడలేదు.

"పిల్లి మాదిరి దూకె గదే నా కొడుకు. సొక్కా సినిగినా బంతి ఇడవకపాయె గదే."

ఆ మాటతో మిగతావాళ్ళకూ గుర్తొచ్చింది. ఆయన ఎలా పట్టాడో, ఎలా తోశాడో ఒకరి తర్వాత ఒకరు రాగం తీయసాగారు. ఇందాక ఆయన్ని తిట్టిన నోళ్ళే. చిన్నాయన కాసేపు నిలబడి చూశాడు. తర్వాత మూట కింద పెట్టి దాని మీదనే కూర్చున్నాడు. మోకాళ్ళ మధ్య తల దించుకున్నాడు. ఆయన భుజాలు కదులుతుంటే ఏడుస్తున్నాడనుకుని నేను వంగి చూశాను. నవ్వుతున్నాడు. కళ్ళలో నీళ్ళు కూడా ఉన్నాయి.

శోకం ఎదురు గుట్టకూ వినబడింది. వాళ్ళూ నిజమైన చావే అనుకున్నారు. ఆ గోలు తన్నిన పిల్లగాడి తల్లి అందరికంటే ముందు పరుగున వచ్చి, "యారు హోదరమ్మా?" అని అడిగింది. ఎవరు పోయారని.

"ఆట పాయెనక్కా," అంది అవ్వ.

ఆమె బొంగుల వైపు చూసింది, మావాళ్ళ వైపు చూసింది. తర్వాత తల మీద చెయ్యి పెట్టుకుని అవ్వ పక్కన చతికిలబడి కన్నడంలో ఎత్తుకుంది. మాకు సగమే అర్థమైంది గాని, మావాళ్ళ ఆటనే మెచ్చుకుంటోందని తెలిసింది. ఆమె కొంచెం ఊపిరి తీసుకున్నప్పుడు అవ్వ మామూలు గొంతుతో అంది.

"సావింట్లో పొయ్యి ముట్టియ్యకూడదు. ఇరుగుపొరుగే ఊట తేవాల. మీకు తెలీనిదా?"

ఊట అంటే కన్నడంలో బువ్వ. పొద్దు వాలాక వాళ్ళు పెద్ద గుండిగెను కర్రకు కట్టి మోసుకొచ్చారు. మూత తీస్తే పొట్టేలు కూర. చావు బువ్వలో నీసు ఉండొచ్చా అని ముసలాయనకు సందేహం వచ్చింది.

"ఆటకు మైల లేదులేప్పా, పెట్టించుకో," అంది అవ్వ.

రెండు క్యాంపులూ ఆ ఎర్రమట్టిలో వరుసగా కూర్చుని తిన్నాయి. లారీ ఖాళీ సీటుతో హొసపేటకు పోయింది.

ఆ తర్వాత మా గుట్ట మీద అదొక పద్ధతి అయిపోయింది. ఓడినవాళ్ళు ముందు శోకం పెట్టాలి, గెలిచినవాళ్ళు బువ్వ తేవాలి. ఇప్పుడు మా మనవళ్ళు టీవీలో ఆట చూస్తారు. వాళ్ళ జట్టు ఓడితే తిండి మానేసి, ఎవడి వల్ల పోయిందో లెక్క తీస్తారు. నేను పోయి పక్కన కాళ్ళు జాపుకుని కూర్చుంటాను. వాళ్ళు ముందు విసుక్కుంటారు, తర్వాత నవ్వుతారు, ఆ తర్వాత మంచి తన్నులన్నీ గుర్తు చేసుకుని వాళ్ళే నాకు చెబుతారు. నా బతుకులో ఆటలు కానివి కూడా చాలా పోయాయి. అప్పుడు కూడా తప్పు ఎవరిదని వెతికే ముందు, పోయినదానిలో బాగున్నదేమిటో నలుగురి మధ్య కూర్చుని చెప్పుకున్నాను. చెప్పుకున్నాక ఆకలి వేసింది.

ఆ ఆదివారం మరుసటి పొద్దున లేచేసరికి చిన్నాయన పడుకున్న చోటు ఖాళీగా ఉంది. ఊరికి పోయాడనుకున్నాను. ముఖమైనా కడుక్కోకుండా మైదానానికి పరుగెత్తాను. ఆయన బొంగుల మధ్య నిలబడి ఉన్నాడు. ఎదురుగా ఆ గోలు తన్నిన పిల్లగాడు.

"రా పాపా, నువ్వు తన్ను," అని ఆ పిల్లగాడు బంతిని నా ముందు పెట్టాడు. ఆడపిల్లలు అప్పటిదాకా దాన్ని ముట్టింది లేదు. నేను గౌను ఎత్తి పట్టుకుని వెనక్కి పోయి, పరుగున వచ్చి ఉన్న బలమంతా పెట్టి తన్నాను. కాలివేలు చిట్లింది. చిన్నాయన పక్కకు దూకి బంతిని రెండు చేతులా పట్టేశాడు. నా గోలు పోయింది. ఓడిపోయి నేను అంతగా గంతులేసింది మళ్ళీ ఎప్పుడూ లేదు.