అక్కకు చెప్పిన మాటలు

ఉద్యోగంలో చేరిన రోజు ఆమెకు ఇచ్చిన హోదా ఎంత పొడుగంటే, గుర్తింపు కార్డు మీద రెండు వరసలు పట్టింది. అంత పొడుగు పేరు పలికే ఓపిక పిల్లలకెక్కడిది? "తలుపులక్క" అన్నారు. బడికి రాని పిల్లల ఇళ్ళకు పోయి తలుపు తట్టడమే ఆమె పని గనక ఆ పేరు అతికినట్టు సరిపోయింది. కొన్నాళ్ళకు టీచర్లూ అదే అన్నారు. జీతాలిచ్చే గుమాస్తా కూడా ఒకసారి నోరు జారి అలాగే పిలిచి నాలుక కరుచుకున్నాడు.

తలుపు తట్టడమంటే తేలికేం కాదు. తట్టగానే కొందరు లోపలి నుంచే "ఇంట్లో ఎవరూ లేరు" అని అరిచేవాళ్ళు. ఒక ఇంట్లో పిల్లాడు నీళ్ళ డ్రమ్ము వెనక దాక్కుంటే, ఆమె వాడి తల్లితో కబుర్లు చెబుతూ తాపీగా కూర్చుంది. చివరికి వాడికే తుమ్మొచ్చి దొరికిపోయాడు. "జ్వరమని చెప్పి మానేశావట కదరా. పోనీలే, జలుబైనా ఉంది, మరీ అబద్ధం కాదు" అంది. వాడు సిగ్గుపడుతూ నవ్వాడు. మర్నాడు వచ్చాడు.

"బడికెందుకు రావడం లేదు?" అని ఆమె ఎప్పుడూ ముందు అడిగేది కాదు. ఇంట్లో వంట ఎవరు చేస్తారు, పొద్దున ఎవరు ముందు లేస్తారు, చంటిదాన్ని ఎవరెత్తుకుంటారు అని అడిగేది. అందులోంచే సంగతి బయటపడేది. పిల్లలెవరూ ఒక్కరోజులో బడి మానరని ఆమె అనుభవం. ముందు వరసలో కూర్చోవడం మానేస్తారు, తర్వాత చెయ్యెత్తడం మానేస్తారు, తర్వాత స్నేహితులతో కలిసి తినడం మానేస్తారు. ఇవన్నీ అయ్యాక ఎప్పుడో బడి మానేస్తారు. ఆ ఎప్పుడో వచ్చేలోపు పట్టుకోవాలి. అదే ఉద్యోగమంతా.

ఆమె ఉండేది అక్క ఇంట్లో. అమ్మానాన్నలు ఒకరి వెంట ఒకరు పోతే, తొమ్మిదో తరగతిలో ఉన్న అక్క పుస్తకాలు అటకెక్కించి పనికి పోయింది. చెల్లెల్ని చదివించింది. పెళ్ళయ్యాక కూడా చెల్లెలు తనతోనే ఉంటుందని మొగుడికి ముందే చెప్పి చేసుకుంది. ఆ పెళ్ళి ఎక్కువ కాలం నిలవలేదు గానీ, అక్కాచెల్లెళ్ళు మాత్రం నిలిచారు. అక్క ఇప్పుడు రైలు పట్టాలకవతల ఒక రేకుల షెడ్డులో చెప్పుల కంపెనీలకు అట్టపెట్టెలు చేయించేది. చేతి కింద పదిమంది పనివాళ్ళున్నారు. చెల్లెలు ఎప్పుడైనా షెడ్డుకు వస్తానంటే, "ఆ జిగురు వాసన నీకు పడదు, నీకెందుకే" అనేది.

సాయంత్రం ఇద్దరూ ఒకేసారి ఇల్లు చేరేవాళ్ళు. అక్క చేతులు కడుక్కుంటూనే అడిగేది: "ఇవాళ ఎవరు దొరికారు, ఎవరు జారారు?"

చెల్లెలు చెప్పేది. ఎవరి నాన్న మంచాన పడ్డాడో, ఎవరికి లెక్కలంటే కడుపులో తిప్పుతుందో, ఏ పిల్ల ఇంకొక్క మాటంటే మానేసేలా ఉందో అన్నీ చెప్పేది. రోజంతా పదిమంది దుఃఖం విని వచ్చిన మనిషికి దాన్ని దించుకోవడానికి ఒక చోటు కావాలి కదా. అక్క చెవులప్పగించి వినేది. మధ్యలో "అయ్యో పాపం" అనేది. "ఆ పిల్ల ఇల్లెక్కడా?" అని కూడా అడిగేది. అక్కకు చెప్పడమంటే తనలో తాను అనుకోవడమేనని చెల్లెలి నమ్మకం.

ఆ ఏడు బడి వెనక సందులోంచి నలుగురు పిల్లలు ఒకరి తర్వాత ఒకరు రావడం మానేశారు. నలుగురూ ఆమె కళ్ళలో పెట్టుకుని చూస్తున్నవాళ్ళే. తలుపు తడితే పెద్దవాళ్ళు నవ్వుతూనే పలకరించేవాళ్ళు గానీ, పిల్లల మాట ఎత్తితే "మీకు తెలియందేముందమ్మా" అనేసేవాళ్ళు. అది మర్యాదకంటున్న మాట అనుకుని వెనక్కి వచ్చేది. తన చెయ్యి మంచిది కాదేమో, తన మాటలో పస తగ్గిందేమో అని మథనపడేది. హెడ్మాస్టరు కూడా పిలిచి, "ఏంటమ్మా, మీ తలుపులు ఈమధ్య తెరుచుకోవడం లేదా?" అన్నాడు. ఆ మాట అక్కతో చెప్పుకుని కళ్ళనీళ్ళు పెట్టుకుంది. అక్క వెన్ను నిమిరి, "నీ తప్పేముందే, చదువు రాసిపెట్టి ఉండాలి" అంది.

నలుగురిలో చివరిది ఎనిమిదో తరగతి అమ్మాయి. వయసుకు మించిన ఎత్తు. నవ్విందంటే రెండు గదుల అవతలికి వినపడేది. ఒకే తరగతి రెండోసారి చదువుతోంది గనక, తనకంటే చిన్నవాళ్ళు "పెద్దమ్మా, పెద్దమ్మా" అని ఆటపట్టించేవాళ్ళు. పైకి నవ్వేది గానీ, ఒకరోజు మేడమెట్ల కింద కూర్చుని ఏడ్చింది. "ఎవరికీ చెప్పనంటేనే చెప్తా" అని ఒట్టు వేయించుకుని మరీ చెప్పింది. తలుపులక్క ఆ పిల్లను ముందు వరసకు మార్పించింది, ఆటల జట్టులో చేర్పించింది. పిల్ల కుదురుకుంటోంది అనుకునేలోపే మాయమైంది.

ఒక మధ్యాహ్నం ఆ ఇంటికి పోయింది. తల్లి ఆసుపత్రిలో ఆయా, అప్పుడే డ్యూటీ దిగి వచ్చింది. కుర్చీ వేసి, ఫ్యాను తిప్పి, మంచినీళ్ళిచ్చింది.

"పిల్ల కనపడటం లేదేంటి?" అంది తలుపులక్క.

తల్లి అర్థం కానట్టు చూసింది. "పనిలో ఉంది కదమ్మా. మీరే కదా పెట్టించారు?"

"నేనా?"

"మీ అక్కగారు వచ్చారు. 'మా చెల్లెలే చెప్పి పంపింది, ఈ పిల్లకు చదువు అబ్బదు, బడిలో ఏడుస్తోంది, నలుగురిలో నవ్వులపాలవుతోంది, పని నేర్చుకుంటే బాగుపడుతుంది' అన్నారు. వేరేవాళ్ళయితే గుమ్మం తొక్కనిచ్చేదాన్ని కాదమ్మా. మీ పేరు చెప్పబట్టి పంపాను."

ఆమె గ్లాసు కింద పెట్టింది. లేచి పట్టాలు దాటి నడిచింది. దారిలో తన మనసే అక్క తరఫున వకాల్తా పుచ్చుకుని, పొరపాటయ్యుంటుందనీ, ఇంకెవరో అక్క పేరు వాడుకున్నారనీ వాదించింది.

షెడ్డులో అట్ట బోర్డులు నడుమెత్తు దొంతరలుగా ఉన్నాయి. పెద్దవాళ్ళు బల్లల దగ్గర నిలబడి కోస్తున్నారు. కింద గోనెపట్టాల మీద కూర్చుని మూతలు మడిచి అంచులకు జిగురు పూస్తున్నది మాత్రం పిల్లలు. తన పిల్లలే, నలుగురూ. పొడుగమ్మాయి తలెత్తి చూసి, ఏ కల్మషమూ లేకుండా నవ్వింది.

"వచ్చారా మేడం! ఇక్కడైతే నన్నెవరూ పెద్దమ్మా అనరని మీరే అన్నారట కదా. మీ అక్కగారు చెప్పారు." తర్వాత గొంతు తగ్గించి అంది: "కానీ ఎవరికీ చెప్పనని ఒట్టేశారు కదా మేడం."



అక్క చేతులు తుడుచుకుంటూ వచ్చి చెల్లెల్ని వెనక వాకిట్లోకి తీసుకుపోయింది. మొహంలో తప్పు చేసిన జాడ లేదు. చెప్పకుండా వచ్చావేం అన్న చిరాకే ఉంది.

"నేను నీకు చెప్పిందంతా ఇందుకా అక్కా?"

"ఎందుకా గోల? వాళ్ళు ఎలాగూ మానేసేవాళ్ళే. ఎక్కడో ఎండలో ఇసుక మోసే బదులు నా నీడన కూర్చున్నారు. తప్పేముంది?"

"ఎలాగూ మానేసేవాళ్ళని నీకెవరు చెప్పారు?"

"నువ్వే."

చెల్లెలు గోడకు ఆనుకుంది. "నా పేరెందుకు వాడావు?"

"నా పేరు చెబితే ఎవరు పంపుతారే? నిన్నైతే నమ్ముతారు." అక్క అదేదో తన తెలివికి సర్టిఫికెట్ అయినట్టు చెప్పింది. అంతలోనే గొంతు మార్చింది. "తొమ్మిదిలో నేను మానేస్తే నన్ను వెతుక్కుంటూ ఏ తలుపులక్కా రాలేదు. నేను మానబట్టే కదే నువ్వు ఉద్యోగస్థురాలివయ్యావు? ఈ కాస్త నా కోసం చూసీ చూడనట్టు ఉండలేవా?"

ఇంకెప్పుడైనా, ఇంకే సందర్భంలోనైనా అక్క ఆ మాట అని ఉంటే చెల్లెలు ఆమె ఒళ్ళో తలపెట్టి ఏడ్చి ఉండేది. ఇన్నేళ్ళలో ఒక్కసారైనా అంటుందేమోనని ఎదురుచూసింది కూడా. దాచిదాచి ఇక్కడ, బేరానికి వాడింది. తను హెడ్మాస్టరు మాటకు కుమిలిపోయిన రోజు కూడా ఇవే చేతులు తన వెన్ను నిమిరాయి. అప్పటికే ముగ్గురు పిల్లలు ఈ గోనెపట్టాల మీద ఉన్నారు.

"రేపటి నుంచి వాళ్ళని రానివ్వకు" అంది చెల్లెలు.

"రానిస్తే?"

"నేనే చెప్పాల్సిన చోట చెప్తాను."

"చెప్పు చూద్దాం. తిన్నింటి వాసాలు లెక్కపెట్టేదానివని నాకేం తెలుసు!"

చెప్పింది. లేబర్ ఆఫీసులో, సొంత అక్క పేరూ తను తింటున్న ఇంటి చిరునామా తన నోటితోనే చెప్పింది. వినే ఆఫీసరు, "ఆమె మీకేమవుతుంది?" అని రెండుసార్లు అడిగాడు. ఆ సాయంత్రమే బట్టలు సర్దుకుని, బడికి దగ్గర్లో ఒక గది తీసుకుంది. కొత్త గదిలో కూర్చుంటే జరిగినదంతా ఎవరితోనైనా చెప్పుకుని ఏడవాలనిపించింది. పుట్టి బుద్ధెరిగాక ఏది జరిగినా చెప్పుకుంది అక్కతోనే. ఈ సంగతి చెప్పుకోవడానికి కూడా గుర్తొచ్చిన మనిషి అక్కే.

ఆఫీసు వాళ్ళు వచ్చి పిల్లల్ని పంపించేశారు. షెడ్డు కొన్నాళ్ళు మూతపడి మళ్ళీ తెరుచుకుంది, ఈసారి పెద్దవాళ్ళతోనే. అక్క మాత్రం కనపడిన ప్రతివాళ్ళతోనూ, "కడుపులో పెట్టుకుని పెంచితే గుండెల మీద తన్నింది" అని చెప్పుకుంటూ తిరిగింది. ఆమె లెక్కలో ద్రోహం చేసింది చెల్లెలే. సందులో వాళ్ళు ఇద్దరినీ ఒకే గాటన కట్టారు. "కంచే చేను మేసింది, ఇప్పుడొచ్చి కావలి కాస్తానంటోంది" అన్నారు. తలుపులు తెరిచేవాళ్ళు గానీ సగమే తెరిచేవాళ్ళు.

పిల్లల్లో ఇద్దరు తిరిగి బడికొచ్చారు. ఒకడు కుటుంబంతో పాటు ఎటో పోయాడు. పొడుగమ్మాయి రానంది. తలుపులక్క మూడు నాలుగుసార్లు పోయింది. చివరిసారి ఆ పిల్ల తలుపు తీయకుండానే, "మీతో చెబితే ఊరంతా చెప్పినట్టే మేడం. వెళ్ళిపోండి" అంది. ఆమె గుమ్మం బయట నిలబడి, "నిజమే, చెప్పకుండా ఉండాల్సింది. అక్క అనుకుని చెప్పాను" అంది.

ఉద్యోగం మానేద్దామనుకుంది. హెడ్మాస్టరు ఆ కాగితం చదివి, వెనక్కిచ్చి, "మీరే మానేస్తే ఎలాగమ్మా?" అన్నాడు. అందులో వేళాకోళం లేదు. ఆమె మళ్ళీ సందులోకి పోయింది. ఇదివరకటిలా కబుర్లు చెప్పేది కాదు. వినేది, చేయగలిగింది చేసేది, విన్నది గొంతులోనే ఉంచుకుని గదికి చేరేది. కొన్ని రోజులు ఆ బరువుకు అన్నం సయించేది కాదు.

మరుసటి ఏడు సగంలో ఆ పిల్ల తల్లి బస్టాపులో ఎదురైంది. ఆసుపత్రి చీరలోనే ఉంది. పక్కకు తిరిగి పోబోయి, మనసు మార్చుకుని దగ్గరికొచ్చింది.

"మీకు చెప్పొద్దంది. అయినా చెప్తున్నా. మళ్ళీ చదువుకుంటోందమ్మా. వేరే బడి. తనే పోయి మాట్లాడుకుని చేరింది."

"బాగా చదువుతోందా?"

"ఆ. ఇంట్లో గట్టిగా చదువుతుంటే చెవులు హోరెత్తిపోతున్నాయి."

ఏ బడి అని నోటిదాకా వచ్చింది. ఆపుకుంది. తల్లి కూడా చెప్పలేదు. బస్సు రాగానే ఎక్కి, కిటికీ పక్కన కూర్చుని, చెయ్యి ఊపబోయి, ఊపకుండానే ఎదరకు తిరిగింది. తలుపులక్క సంచీ భుజానికి సర్దుకుంది. రెండు రోజులుగా రాని పిల్లాడొకడున్నాడు, వాడి ఇంటి వైపు నడిచింది.