మామ జీపు ఎడమ చక్రం

ఈ ఉదయం మామ జీపు బానెట్ మీద ఎవరో తడి తువ్వాలు ఆరేశారు. షేక్‌పేటలో మామ ఇంటి ముందు, రేకుల కింద ఉంటుంది ఆ జీపు. మామ ఉన్నప్పుడు దాని మీద తువ్వాలు కాదు కదా, చెయ్యి ఆనించి మాట్లాడే ధైర్యం కూడా గల్లీలో ఎవరికీ లేదు. కబురు పోయిన గురువారమే వచ్చింది. నేను ఆఫీసులో ఉన్నాను. "మామ ఇక లేడే," అని అమ్మ ఒక్క మాట చెప్పి ఫోన్ పెట్టేసింది. కానీ మామ పోయాడని నాకు నిజంగా తెలిసింది ఆ తువ్వాలు చూశాకే.

మామ అంటే అమ్మకు అన్న. సినిమా షూటింగులకు ఆ పాత జీపును కిరాయికిచ్చి, తనే నడిపేవాడు. ఒక నెల అది పోలీసు జీపు, మరో నెల ఫారెస్టు ఆఫీసరుది, ఆ తర్వాత రౌడీలది. షూటింగ్ నుంచి రాగానే, ఇంట్లోకి అడుగు పెట్టకముందే, ప్లేటు మీద వాళ్ళు అంటించిన దొంగ నంబరును కిరసనాయిలు గుడ్డతో తుడిచేసేవాడు. "పరాయి పేరు పెట్టుకొని మనింట్ల పండుకోవద్దు," అనేవాడు. సినిమా విడుదలైతే మమ్మల్ని తీసుకెళ్ళేవాడు. హీరో ఎవరైనా పట్టేది కాదు. తెర మీద జీపు కనబడగానే నన్ను మోచేత్తో పొడిచి, "చూసినవా కోడలా? మనది ఓవరాక్షన్ చెయ్యది," అనేవాడు.

నాకు మాటలు తక్కువ. ఫిల్మ్‌నగర్‌లో ఒక ఆఫీసులో సినిమాలకు ఇంగ్లీషు సబ్‌టైటిల్స్ రాస్తాను. ఎవరింటికి వెళ్ళినా "ఏమైనా మాట్లాడవే" అంటారు. మామ ఎప్పుడూ అనలేదు. నేను జీపు వెనక సీట్లో కూర్చుని పుస్తకం చదువుకుంటే, మామ కింద పడుకుని తన పని చేసుకునేవాడు. అప్పుడప్పుడు పానా అందించమనేవాడు. అంతే.

ఆ జీపుకు కుడివైపు చక్రాల నట్లు అన్ని బండ్లలాగే విప్పాలి. ఎడమవైపువి మాత్రం తిరగేసి. చక్రం తిరిగే ఊపుకు నట్లు వదులు కాకుండా ఆ రోజుల్లో అలా చేసేవారట. మామ దాన్ని ఉల్టా చూడీ అనేవాడు. చూడీ అంటే మర. పోయినేడు ఊరి బయట ఒక షూటింగులో ఎడమ వెనక టైరు పంక్చరైంది. మామ భోజనానికి వెళ్ళాడు. షాటుకు ఆలస్యమవుతోందని యూనిట్ వాళ్ళు పానాకు పైపు తొడిగి, ఇద్దరు ఎక్కి తొక్కారు. నట్లు రాలేదు. చక్రాన్ని పట్టి ఉంచే బోల్టులు, స్టడ్లంటారు, రెండు విరిగిపోయాయి.

"ఇప్పుతున్నమనుకుంట బిగించిండ్రు పాపం," అన్నాడు మామ. ఎవరినీ తిట్టలేదు.

జీపును ఇంటికి లాక్కొచ్చారు, చక్రం లేని ఆ మూల రాళ్ళ మీద నిలబడింది. మామకు డయాలసిస్ మొదలైంది కూడా అప్పుడే. యూసుఫ్‌గూడ నుంచి మెకానిక్ వచ్చి చూసి, "గిప్పుడు ఉల్టావి ఏడ దొరుకుతయే అన్నా? సీదావి కొట్టేస్త," అన్నాడు. మామ ఒప్పుకోలేదు. "మూడు గిట్ల, రెండు గట్ల ఉంటే రేపు ఇప్పేటోడు ఆగమైతడు."

మామకు కావలసింది ఒక్కటే. జీపు మళ్ళీ నాలుగు చక్రాల మీద నిలబడాలి. తను స్టీరింగు పట్టుకుని, గల్లీ దాటి మెయిన్ రోడ్డు దాకా ఒక్కసారి వెళ్ళాలి. మనిషి రోజురోజుకూ సన్నబడిపోతున్నాడు కానీ ఆ కోరిక సన్నబడలేదు.

అందుకని వెతకడానికి నేను బయలుదేరాను. విరిగిన స్టడ్‌నూ ఒక నట్టునూ మామ జేబురుమాల్లో కట్టిచ్చాడు. "కండ్లతోని చూసి కొనకు. నట్టు తొడుగు. ఎడమకు తిప్పుతుంటే లోపలికి పోవాలె. తల కింద పండ్లుంటయ్, గవి కూడ చూడు. సన్నగుంటే నిలవయ్."

రాణిగంజ్‌లో మొదటి స్పేర్‌పార్టుల దుకాణంలో నోటితో అడగలేక, రుమాలు విప్పి కౌంటర్ మీద పెట్టి నిలబడ్డాను. కౌంటర్ వెనకాయన "మీ డ్రైవర్‌ను పంపించండి మేడమ్," అన్నాడు. బయటికొచ్చి మామకు ఫోన్ చేశాను.

"నువ్వే మాట్లాడు మామా."

"నేను మాట్లాడితే స్టడ్డు దొరుకుతది. నీకేం దొరుకుతది? పో, అడుగు."

మళ్ళీ లోపలికి వెళ్ళి అడిగాను. లేవన్నారు. పక్క దుకాణాల్లోనూ లేవు. తర్వాత ఒకచోట మర సరిపోయినవి దొరికితే సంబరంగా ఇంటికి తెచ్చాను. పళ్ళు సన్నవి. చక్రంలో బిగుసుకోకుండా స్టడ్ గిర్రున తిరిగింది. మామ దాన్ని అరచేతిలో పెట్టుకుని, "మంచిదే. మనది కాదు," అన్నాడు.

చివరికి ఎర్రగడ్డ ఆదివారం అంగడిలో, గోనెపట్టా మీద పాత ఇనుము పోసుకుని కూర్చున్న ఒకామె దగ్గర, ఏదో జీపు చక్రం నడిమి ముక్క కనిపించింది. స్టడ్లు దానికే ఉన్నాయి. కింద కూర్చుని నట్టు తొడిగాను.

"ఏందమ్మా, గట్ల ఉల్టా తిప్పుతున్నవ్?"

"ఉల్టాదే కావాలమ్మా."

"ఓయమ్మో! ఉల్టాది కావాలని అడిగినోళ్ళల్ల నిన్నే మొదలు చూస్తున్న."

నట్టు ఎడమకు తిరుగుతూ మెల్లగా లోపలికి నడిచింది. ఒక స్టడ్‌ను కొట్టి బయటికి తీయిస్తే, పళ్ళు కూడా లావుగానే ఉన్నాయి.

ఇప్పుడు రోడ్డు మీద ఎక్కడ పాత జీపు కనబడినా ముందు ఎడమ చక్రం వైపే చూస్తాను. నట్లు ఎటు తిరుగుతాయో పైకి తెలియదు. అయినా చూస్తాను. చూసిన సంగతి ఎవరికైనా చెబుదామంటే, స్టడ్ అంటే ఏమిటో అన్న దగ్గర నుంచి మొదలుపెట్టాలి. మామకైతే "ఇవాళ ఒకటి చూశా" అంటే చాలు.

మెకానిక్ వచ్చి స్టడ్లు దిగ్గొట్టాడు. నట్లు తనే బిగిస్తానన్నాడు మామ. చేతిలో బలం లేక, పానా నాకిచ్చి నా చెయ్యి మీద తన చెయ్యి వేసి తిప్పించాడు. ఆ తర్వాత ఇస్త్రీ చొక్కా వేసుకొచ్చి స్టీరింగు ముందు కూర్చున్నాడు. నేను పక్క సీట్లో. గల్లీ అంతా బయటికొచ్చింది. జీపు కదిలింది. మలుపు దగ్గర మామ కుడిచెయ్యి బయటికి చాపాడు, పాతకాలం డ్రైవర్లలాగా.

"ఎడమ దిక్కు చెవి పెట్టు కోడలా. ఏమన్న సప్పుడొస్తుందా?"

విన్నాను. టైరు కింద ఇసుక నలుగుతోంది, అంతే. లేదన్నాను.

"గట్లుండాలె."

మెయిన్ రోడ్డు వచ్చింది. ఎదురుగా ఫ్లైఓవర్ మీద బండ్లు పోతున్నాయి. మామ బ్రేకు తొక్కి, స్టీరింగు మీద చేతులు అలాగే ఉంచి, వాటినే చాలాసేపు చూస్తూ కూర్చున్నాడు.

జీపుకు అప్పటికి ఇంజిన్ లేదు. డయాలసిస్ మొదలైనప్పుడే అమ్మేశాడు. గల్లీవాళ్ళే వెనక నుంచి తోసుకుంటూ మమ్మల్ని అక్కడిదాకా తెచ్చారు.