ఆకుపచ్చ దారానికి పూచీ

మా బావ బ్యాగులు బాగుచేస్తాడు. బస్సుస్టాండు వెనక సందులో, మందుల షాపుకీ జిరాక్సు షాపుకీ మధ్య ఇరుక్కున్న ఒక గదిలో ఇరవై ఆరేళ్లుగా అదే పని. తెగిన పట్టీలు, నోరు మూయని జిప్పులు, చక్రం ఊడి కుంటే సూట్‌కేసులు అన్నీ ఆయన దగ్గరికి చేరతాయి. ఆ గదికి బోర్డు లేదు. నేనేమో బోర్డులూ విజిటింగ్ కార్డులూ వేసే ప్రెస్సులో పనిచేస్తాను. సొంత అక్క మొగుడి కొట్టుకే బోర్డు లేకపోతే నేను నలుగురిలో తలెత్తుకు తిరిగేదెలా అని ఏటా ఒకసారైనా అడుగుతూ వచ్చాను. "చూద్దాంలే" అనేవాడు. మా బావ చూద్దాంలే అన్నాడంటే ఇక ఆ సంగతి మరిచిపోవచ్చని మా అక్క పెళ్లయిన నెలకే కనిపెట్టింది.

ఆయనకున్న గుర్తల్లా దారమే. కొట్టు పెట్టిన కొత్తలో డేరాలు కుట్టే ఫ్యాక్టరీ ఒకటి మూతపడితే, అక్కడ మిగిలిన దారం ఒక పెట్టెడు చవగ్గా కొన్నాడు. అంతా ఆకుపచ్చే. నల్ల బ్యాగుకీ అదే, ఎర్ర బ్యాగుకీ అదే. "రంగు కలవదండీ, ఏమనుకోకండి. కుట్టు మాత్రం ఊడదు" అని మొదటి ఏడాదంతా వచ్చిన ప్రతివాళ్లకీ సంజాయిషీ చెప్పుకున్నాడట. కుట్టు నిజంగానే ఊడలేదు. పెట్టె ఖాళీ అయ్యాక అందరిలాగే నల్ల దారం మొదలుపెట్టాడు. మూడో రోజున ఒక పెద్దాయన తన బ్యాగు తిప్పి తిప్పి చూసి, "ఇది మీరు కుట్టలేదు, ఎవరిచేతో కుట్టించారు" అని మొహం మీదే అనేసి వెనక్కి ఇచ్చాడు. అప్పట్నుంచి మళ్లీ ఆకుపచ్చ దారమే, పక్క ఊరినుంచి తెప్పించుకుని మరీ. ఆయన్ని అందరూ ఆకుపచ్చ దారం ఆయన అంటారు. మా అక్కని ఆకుపచ్చ దారం ఆయన గారి భార్య అంటారు. నన్నేమంటారో చెప్పను, అది పూర్తయ్యేలోపు బస్సు వెళ్లిపోతుంది.

రెండేళ్ల కిందట వర్తక సంఘం వాళ్లు చిన్న వ్యాపారాలకి బ్రాండు ఎందుకు ముఖ్యం అనే విషయం మీద రెండు రోజుల శిక్షణ పెట్టారు. మా ప్రెస్సు తరఫున నేను వెళ్లాను. సర్టిఫికెట్ కూడా ఇచ్చారు. తిరిగొచ్చిన వారంలోనే బావ కొట్టుకి ఒక బోర్డు నమూనా గీసి పట్టుకెళ్లాను. ముక్కున సూట్‌కేసు కరుచుకుని ఎగురుతున్న గద్ద బొమ్మ.

బావ కళ్లజోడు సర్దుకుని చాలాసేపు చూశాడు.

"గద్దెందుకురా?"

"వేగానికి గుర్తు బావా."

"నేను వారం తీసుకుంటాను కదా."

"అది బోర్డు చూసేవాళ్లకి తెలీదుగా."

"తెలుసు. ఆ వారం ఆగేది వాళ్లే. పైగా ఇది ఎవరి సూట్‌కేసో ఎత్తుకుపోతున్నట్టుంది."

గద్ద ఇప్పటికీ మా ఇంట్లో బీరువా మీదే ఉంది.

ఆ మరుసటి ఏడు సందు మొదట్లో, బస్సు దిగినవాళ్ల కంటికి నేరుగా ఆనేచోట, ముప్పై అయిదేళ్ల మనిషి ఒకడు బ్యాగుల రిపేరు కొట్టు తెరిచాడు. బోర్డుంది, లైట్లున్నాయి, దారం మాత్రం ఆకుపచ్చ. నేను అగ్గిమీద గుగ్గిలమై అడగడానికి వెళ్తే అతను మర్యాదగా కుర్చీ వేశాడు. తెల్ల దారంతోనే మొదలుపెట్టాడట. వచ్చినవాళ్లంతా "ఆకుపచ్చది లేదా? అదైతే గట్టిది" అని వెనుదిరుగుతుంటే వేరే దారి లేక అదే తెచ్చుకున్నాడట. ఇందులో తప్పు పట్టడానికి నాకేమీ దొరకలేదు. కోపం మాత్రం తగ్గలేదు.

రెండు నెలలు తిరక్కుండానే, ఆస్పత్రిలో పనిచేసే నర్సమ్మ ఒకావిడ బావ కొట్టుకొచ్చి చేతిసంచి బల్లమీద పడేసింది. వాళ్లబ్బాయి కుట్టించి తెచ్చాడట. బస్సెక్కుతుంటే పట్టీ ఊడిపోయి, టిఫిన్ డబ్బా మెట్లమీదినుంచి దొర్లిందట. "మీ దారం కూడా ఇలాగే అయిపోయిందన్నమాట" అంది. ఆవిడ అరిచి ఉంటే ఇంత బాధ ఉండేది కాదు. మామూలుగానే అంది.

బావ సంచి లోపలి గుడ్డ వెనక్కి తిప్పి చూశాడు. ఆయన పట్టీ కుడితే చివర మూడు కుట్లు వెనక్కి వేసి, ముడి లోపలి పొరల మధ్యకి తోసేస్తాడు. దీనికి ముడి బయటే ఉంది, అగ్గిపుల్లతో కాల్చి అంటించి ఉంది. సందు మొదటివాడి పని. నాకే తెలిసిపోయింది.

"రేపు రండమ్మా, కుట్టి ఉంచుతాను. డబ్బులేం వద్దు" అన్నాడు బావ.

ఆవిడ వెళ్లాక ఉండబట్టలేక అడిగాను. "నువ్వు కుట్టలేదని ఒక్క మాట చెప్తే ఏం పోయేది బావా?"

"ఆవిడకి కనబడింది దారంరా. ముడి ఎక్కడుందో ఆవిడెందుకు చూస్తుంది?"

ఆ తర్వాత అలాంటివి వరసకట్టాయి. ఆకుపచ్చ దారం కనబడితే చాలు, పూచీ తనదే అన్నట్టు బావ అన్నిటినీ ఊరికే కుట్టిచ్చాడు. అసలు పని వెనకబడింది. వారంలో అయ్యే పనికి పదిహేను రోజులు పట్టేది. "ఆకుపచ్చ దారం ఊడుతోందట" అని కూరగాయల దగ్గర మా అక్కతోనే ఎవరో అన్నారు. ఇంటికొచ్చి అక్క బావ ముందు కూర్చుంది.

"అతను కొట్టు పెట్టుకుని సంపాదించుకుంటున్నాడు. మీరు అతని దగ్గర జీతం లేని ఉద్యోగం చేస్తున్నారు. ఇంకో ఏడాదిలో మీ పేరూ ఉండదు, కొట్టూ ఉండదు. చూద్దాంలే అనకండి."

బావ అనలేదు. అన్నం కలుపుకుంటూ కూర్చున్నాడు. నలభై ఏళ్లుగా అక్క మొహం చూస్తున్నవాణ్ని, ఆ రోజు ఆవిడ భయపడింది. అది నేను భరించలేకపోయాను.

ఇంక నా చదువు బయటికి తీశాను. బావకి చెప్పకుండా రెండొందల కరపత్రాలు అచ్చువేసి బస్సుస్టాండు గోడలకీ స్తంభాలకీ అంటించాను. "అసలైన ఆకుపచ్చ దారం. ముడి లోపల ఉంటే మాది. ముడి బయట ఉంటే మాది కాదు. మాది ఊడదు." అంతే. గద్ద లేదు.

ఫలితం చూసి నేనే ఆశ్చర్యపోయాను. బస్సుకోసం నిలబడ్డవాళ్లు సంచులు తిరగేసి ముడులు వెతుక్కోవడం మొదలుపెట్టారు. పక్కవాళ్ల సంచులు కూడా వెతికారు. నెల తిరిగేసరికి సందు మొదటి కొట్టులో లైట్లు మాత్రమే మిగిలాయి. బావ దగ్గరికొచ్చేవాళ్లు "మీది కాదులెండి, అతనిది" అని ముందే చెప్పి, డబ్బులిచ్చి కుట్టించుకుంటున్నారు. అక్క నాకు అడక్కుండానే రెండోసారి కాఫీ పెట్టింది. బావ మాత్రం కరపత్రం సంగతి ఎత్తలేదు. ఆయనకి నచ్చిందనే అనుకున్నాను.

అలాంటి రోజుల్లో ఒక మధ్యాహ్నం మందుల కంపెనీ ఏజెంటు ఒకాయన తెగిన బ్యాగు చంకనబెట్టుకుని వచ్చాడు. ఆఫీసు కుర్రాడు కుట్టించి తెచ్చిన పట్టీ ఊడి, డాక్టర్లకి చూపించాల్సిన సీసాలన్నీ రోడ్డుమీద పగిలాయట. మందు వాసన కొట్టంతా నిండింది.

"సందు మొదటివాణ్ని ఇప్పుడే దులిపి వస్తున్నానండీ. పదిమందిలో కడిగేశాను. కిక్కురుమనలేదు. తప్పైపోయింది, క్షమించండన్నాడు. ఇంక వాడి దగ్గర కుట్టించను, మీరు కుట్టండి" అన్నాడు.

బావ లోపలి గుడ్డ తిప్పాడు. నేను పక్కనే ఉన్నాను. చివర మూడు కుట్లు వెనక్కి ఉన్నాయి. ముడి లోపలుంది. మూడు పొరలు కలిపి కుట్టాల్సిన చోట సూది రెండు పొరలే పట్టింది. ఊరికే కుట్టిచ్చిన సంచుల మధ్య ఏ హడావుడిలోనో జరిగి ఉంటుంది. ఏజెంటు ఫోన్లో ఎవరికో తన సీసాల గోడు చెప్పుకుంటున్నాడు. ఆయన ముడి చూడలేదు, చూడడు కూడా. నేను బావ మోచెయ్యి పట్టుకుని నొక్కాను. ఊరుకో అని దానర్థం, బావకి అర్థమైంది కూడా.

"ఇది నేను కుట్టిందండీ" అన్నాడు బావ.

ఏజెంటు ఫోను దించాడు. "అదేంటి? అతను ఒప్పుకున్నాడు కదా."

"అందుకే అక్కడికి వెళ్దాం రండి."

బావ పగటిపూట కొట్టు వదిలి బయటికి రావడం నేనెప్పుడూ చూడలేదు. బ్యాగు పట్టుకుని సందంతా నడిచి, ఆ లైట్ల కింద నిలబడి, అక్కడున్న నలుగురికీ వినబడేలా చెప్పాడు. "ఇందాక మీరు తిట్టాల్సింది ఇతన్ని కాదు, నన్ను. కుట్టు నాది. పొర అందలేదు."

బావ అతని వైపు తిరిగాడు.

"తమ్ముడూ, నువ్వు ముడి చూడలేదా?"

"చూశానన్నా. లోపలుంది."

"మరి ఆ తిట్లెందుకు పడ్డావు?"

అతను చేతిలో ఉన్న జిప్పు పక్కన పెట్టాడు. "నావి ఊడినప్పుడు మీరెవరికీ చెప్పలేదటగా. సంచి నా దగ్గర కుట్టించిందని తర్వాత తెలిసి నర్సమ్మే వచ్చి చెప్పింది. ఈ ఒక్కటి నేను పడితే ఏమైందిలే అనుకున్నాను."

ముడి ఎక్కడ చూడాలో అతనికి నేర్పింది నా కరపత్రమే. అది పట్టుకుని ఆ నలుగురి ముందూ బావ పరువు తీసేయడం అతనికి క్షణం పని. నేనైతే తీసేవాణ్ని. సిగ్గుతో నాకు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

బావ స్టూలు లాక్కుని అతని మిషను పక్కన కూర్చున్నాడు. "పెద్ద సూది ఇలా తే. నేను తప్పింది ఎక్కడో చూపిస్తాను. నువ్వూ అక్కడే తప్పుతున్నావు" అన్నాడు. అతను లేచి లైటు దగ్గరికి జరిపాడు. ఏజెంటు ఇంకో స్టూలు వెతుక్కుని, బ్యాగు అయ్యేదాకా అక్కడే ఉంటానన్నాడు.

నన్ను ఎవరూ ఏమీ అడగలేదు. నేను బస్సుస్టాండుకి వెళ్లి ఒక్కొక్క కరపత్రమూ గోటితో గీకడం మొదలుపెట్టాను. మా ప్రెస్సు జిగురు చాలా మంచిది. ఒక్కటి కూడా సులువుగా ఊడలేదు.